జిల్లా వృద్ధి రేటు పెరిగితే బొగ్గు ఊరు బాగుపడ్డట్టేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా బడ్జెట్ రోజుల్లో సామాజిక ఆర్థిక చిత్రణ పుస్తకం బయటికి రాగానే గోదావరిఖని నుంచో భూపాలపల్లి నుంచో కొత్తగూడెం నుంచో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "సార్, మన జిల్లా ఆదాయం గింత పెరిగిందని పేపర్ల వచ్చింది. మరి మా గల్లీల ఎందుకు కనవడతలేదు?" నేను బొగ్గుబాయి కార్మికుడి కొడుకుని. ఇప్పుడు డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతున్నాను. ఇన్నేళ్ళూ నోటితో చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ రాసి పెడుతున్నాను. ఎక్కువగా సింగరేణి ప్రాంతం గురించే ఉంటుంది. అవసరమైన చోట బయటి ఊళ్ళు, దేశాలు కూడా వస్తాయి. దేనికదే విడిగా చదువుకోవచ్చు.

## అంకె చేతికొచ్చినప్పుడు

జిల్లా జీడీపీ అంటే జిల్లా జనం సంపాదించిన డబ్బేనా?

కాదు. జిల్లా సరిహద్దుల లోపల ఒక ఏడాదిలో తయారైన సరుకులు, సేవల విలువ అది. గని విషయంలో లెక్క ఇలా ఉంటుంది. అమ్మిన బొగ్గు విలువలోంచి డీజిలు, పేలుడు పదార్థాలు, విడిభాగాలు, కరెంటు వంటి ఖర్చులు తీసేస్తారు. మిగిలినదాన్ని 'విలువ జోడింపు' అంటారు. అందులో కార్మికుడి జీతమూ ఉంటుంది, కంపెనీ లాభమూ ఉంటుంది. ఆ లాభం ఏ ఊరికి పోయింది, ఎవరి ఖాతాలో పడింది అన్నది ఈ లెక్క అడగదు. సింగరేణిలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. లాభానికి యజమానులు హైదరాబాద్, ఢిల్లీల్లో ఉన్నా, దాన్ని బొగ్గు తీసిన జిల్లా పేరు మీదే రాస్తారు. అక్కడ ఉత్పత్తి జరిగింది కాబట్టి అలా రాయడం తప్పు కాదు. దాన్ని జనం ఆదాయంగా చదువుకోవడమే మనం చేసే తప్పు.

తలసరి ఆదాయం లక్షల్లో చూపిస్తున్నారు. మా ఇంట్లో నలుగురం ఉన్నాం, ఆ లక్షలు ఎక్కడున్నాయి?

మీ ఇంట్లో ఉండాల్సిన పని లేదు. జిల్లాలో జరిగిన ఉత్పత్తి విలువను (యంత్రాల తరుగుదల తీసేశాక) జిల్లా జనాభాతో భాగిస్తే వచ్చే అంకె అది. 2,600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీ కేంద్రం పెద్దపల్లి జిల్లాలో ఉంది. అక్కడ పుట్టే కరెంటు దక్షిణాది రాష్ట్రాలన్నీ పంచుకుంటాయి, కానీ దాని విలువ పెద్దపల్లి లెక్కలో చేరుతుంది. మంథని వైపు పత్తి వేసే రైతును కూడా ఆ భాగహారంలో కలుపుతారు. ఆయన ఆదాయం రూపాయి పెరగకపోయినా తలసరి పెరిగినట్టు కనిపిస్తుంది.

'ప్రస్తుత ధరలు', 'స్థిర ధరలు' అని రెండు వేస్తారు. ఖనిజాలున్న జిల్లాకు ఏది చూడాలి?

రెండూ చూడండి, తేడాను మరీ ముఖ్యంగా చూడండి. ప్రస్తుత ధరల అంకెలో ధర పెరిగినా వృద్ధి లాగే కనిపిస్తుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు ముందు చైనా ఇనుప ఖనిజాన్ని ఎగబడి కొన్న రోజుల్లో బళ్ళారి మట్టి బంగారమైంది. ఆ ధర బళ్ళారిలో ఎవరి నైపుణ్యం వల్లా పెరగలేదు, ఎక్కడో సముద్రాల అవతల పెరిగింది. తగ్గినప్పుడూ అక్కడే తగ్గింది. స్థిర ధరల అంకెను ఒక పాత ఏడాది ధరలతోనే లెక్క కడతారు, అది ధర మాయను తీసేస్తుంది కాబట్టి ఎంత తవ్వారో కొంత తెలుస్తుంది. అంతకు మించి అది కూడా చెప్పదు.

2016లో కొత్త జిల్లాలు వచ్చాక మా జిల్లా ఒక్కసారిగా ధనిక జిల్లా ఎలా అయింది?

గీతలు మారాయి, అంతే. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. అంతకుముందు రామగుండం బొగ్గూ కరెంటూ పాత కరీంనగర్ అంత పెద్ద జిల్లాలో కలిసిపోయేవి. పెద్దపల్లి విడిపోగానే అదే ఉత్పత్తిని చాలా తక్కువ జనాభాతో భాగించాల్సి వచ్చింది. మంచిర్యాల, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం సంగతీ ఇంతే. జిల్లా చిన్నదయ్యేకొద్దీ ఒక్క గని, ఒక్క విద్యుత్ కేంద్రం మొత్తం అంకెను లాగేస్తాయి.

## లెక్క లోపల ఏం జరుగుతుంది

వృద్ధి పది శాతం దాటిందంటే అన్ని రంగాలూ కొంతైనా పెరిగినట్టే కదా?

ఊహకు ఒక జిల్లా తీసుకుందాం. ఉత్పత్తి మొత్తం 100 రూపాయలు. అందులో గనులవి 40. వ్యవసాయం, దుకాణాలు, చిన్న పరిశ్రమలు, సేవలు అన్నీ కలిపి 60. ఈ ఏడాది గనులు 25 శాతం పెరిగి 50 అయ్యాయి. మిగతావన్నీ కలిసి ఒక్క శాతం పెరిగి 60 రూపాయల 60 పైసలు అయ్యాయి. మొత్తం 110.60. వృద్ధి 10.6 శాతం! పేపర్లో పతాక శీర్షిక రాదగ్గ అంకె. కానీ జిల్లాలో ఎక్కువమంది బతికేది ఆ 60 రూపాయల వైపు, అక్కడ దాదాపు ఏమీ కదల్లేదు.

దక్షిణ అమెరికాలో గయానా దీనికి పెద్ద ఉదాహరణ. 2019 డిసెంబరులో అక్కడ సముద్రంలో చమురు తీయడం మొదలైంది. 2022లో ఆ దేశ వృద్ధి 60 శాతం దాటింది. అదే ఏడాది చమురు తీసేసి చూస్తే వృద్ధి 11 శాతం చుట్టుపక్కల. పదకొండు తక్కువేం కాదు, కానీ జనం కూరగాయల బండి దగ్గర అనుభవించేది ఈ రెండో అంకెకే దగ్గరగా ఉంటుంది. గయానా ప్రభుత్వం ఈ రెండు అంకెలనూ విడివిడిగా ప్రకటిస్తుంది, ఆ మాత్రం నిజాయితీ మన జిల్లాల లెక్కల్లోనూ శీర్షిక దాకా రావాలి.

భూమిలోంచి తీసిన బొగ్గు తరిగిపోతోంది కదా. ఆ నష్టాన్ని ఎక్కడ తీసేస్తారు?

ఇన్నాళ్ళూ ఎక్కడా తీసెయ్యలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించే ప్రశ్న ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

డంపర్ అరిగితే దాని తరుగుదల లెక్కలో తీసేస్తారు. స్థూల ఉత్పత్తి నుంచి నికర ఉత్పత్తి వచ్చేది అలాగే. డంపర్ మోసుకుపోయిన బొగ్గు మాత్రం కోట్ల ఏళ్ళలో తయారై, ఒక్కసారి తీస్తే మళ్ళీ రాని సరుకు. దాని తరుగు మాత్రం సున్నా. పల్లె భాషలో చెప్పాలంటే, ఎకరం అమ్ముకుని ఆ డబ్బును ఆ ఏటి పంట రాబడిలో రాసుకోవడం. ఆ ఏడాది ఆ రైతు లెక్క బ్రహ్మాండంగా ఉంటుంది. చేతిలో డబ్బు ఉన్న మాటా నిజమే. కాకపోతే వచ్చే ఏడు దున్నడానికి ఆ ఎకరం ఉండదు.

ప్రపంచ దేశాలన్నీ జాతీయ లెక్కలకు అనుసరించే ఐక్యరాజ్యసమితి పద్ధతిని 2025లో సవరించారు. సహజ వనరుల తరుగును కూడా యంత్రాల తరుగుదల లాగే ఉత్పత్తి ఖర్చుగా చూడాలని అందులో చేర్చారు. దేశాలు దాన్ని అమలు చేయడానికి ఏళ్ళు పడుతుంది, జిల్లా స్థాయికి రావడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. అప్పటిదాకా మన జిల్లా అంకె చదివినప్పుడల్లా ఆ ఎకరం సంగతి మనమే గుర్తుపెట్టుకోవాలి.

ఓపెన్‌కాస్టులు వచ్చాక ఉత్పత్తి ఇంత పెరిగింది. అది ఆరోగ్యం కాదా?

కంపెనీకి ఆరోగ్యమే. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పర్మినెంటు కార్మికులు ఉండేవారు, ఏటా తీసే బొగ్గు 2 కోట్ల టన్నుల లోపే. 2023-24లో 7 కోట్ల టన్నులు తీశారు, పర్మినెంటు కార్మికులు 40 వేల చిల్లర. కాంట్రాక్టు కార్మికులు మరో పాతికవేల పైచిలుకు. బొగ్గులో సుమారు పదింట తొమ్మిది వంతులు ఇప్పుడు ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది. భూగర్భ బాయి అంటే వందల మంది దిగి పనిచేసే చోటు. ఓపెన్‌కాస్టు అంటే పెద్ద యంత్రాలు, కొద్దిమంది మనుషులు. బాయిలో ప్రాణాలు పోయేవి, నడుములు విరిగేవి. మా నాయిన దగ్గు నాకు ఇంకా చెవుల్లో ఉంది. ఆ పని మళ్ళీ రావాలని నేను అనను. కానీ ఉత్పత్తి మూడున్నర రెట్లు పెరిగి, జీతం మీద నమ్మకంగా బతికే ఇళ్ళు సగానికంటే తక్కువకు పడిపోయిన చోట ఉత్పత్తి అంకె ఊరి గురించి ఏం చెబుతుంది?

గోదావరిఖనిలో నాకు తెలిసిన ఓ కిరాణా కొట్టులో పాత బాకీ పుస్తకాలు చూశాను. ఒక్కో పేజీలో పేరు, పక్కన బాయి నంబరు, షిఫ్టు. జీతాలు పడిన రోజు వరసగా గీతలు కొట్టి ఉన్నాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పుస్తకం పలచబడింది. కాంట్రాక్టు పిల్లలు వస్తే ఆయన "తమ్మీ, పైసలిస్తెనే" అంటాడు. వాళ్ళంటే కోపం లేదు ఆయనకు. వచ్చే నెల ఆ కాంట్రాక్టు ఉంటుందో లేదో వాళ్ళకే తెలియదు, ఇక ఆయనకేం తెలుస్తుంది! జిల్లా లెక్కలో ఇద్దరి పనీ విలువ జోడింపే. ఆయన మాత్రం ఇద్దరికీ ఒకే రకంగా ఉద్దెర పెట్టలేడు.

మట్టి గుట్టలు, ఎండిన బోర్లు, పగిలిన గోడలు లెక్కలో ఎక్కడ ఉంటాయి?

నష్టంగా ఎక్కడా ఉండవు. ఒక టన్ను బొగ్గు కోసం ఓపెన్‌కాస్టులో సగటున ఐదారు ఘనపు మీటర్ల మట్టి తీయాలి. ఆ మట్టి పోసిన గుట్టలు ఊళ్ళ కంటే ఎత్తుగా లేచాయి. ఓ ఓపెన్‌కాస్టు అంచున ఉన్న ఊళ్ళో మా మేనత్త ఇల్లు. మధ్యాహ్నం బ్లాస్టింగ్ వేళకు అన్నం తింటున్నవాళ్ళు కంచం గట్టిగా పట్టుకుంటారు. అటక మీద ఇత్తడి బిందెలు ఒకదానికొకటి తగిలి మోగుతాయి, ఆ తర్వాత కాసేపటికి దుమ్ము దిగుతుంది. గని లోతు పెరిగేకొద్దీ చుట్టుపక్కల నీళ్ళు అటు దిగిపోయి బోరు ఎండింది, ఇప్పుడు ట్యాంకరు కొంటోంది. ట్యాంకరు వాడికి ఇచ్చిన డబ్బు, దగ్గుకు ఆసుపత్రిలో కట్టిన బిల్లు, గోడ పూడ్చిన మేస్త్రీ కూలి, ఇవన్నీ జిల్లా ఉత్పత్తిని పెంచాయి. పోయిన బావి నీళ్ళను మాత్రం ఎవరూ తీసివేతలో వేయలేదు.

## డబ్బు ఎటు పోతోంది

రాయల్టీ మన జిల్లాకే వస్తుంది కదా?

రాయల్టీ అంటే ఖనిజం తవ్వుకున్నందుకు కంపెనీ ప్రభుత్వానికి కట్టే సొమ్ము. బొగ్గు రాయల్టీ ధరలో 14 శాతం, అది రాష్ట్ర ఖజానాకు వెళ్తుంది. అక్కడ మిగతా రాబడిలో కలిసిపోతుంది. గని ఉన్న ప్రాంతం కోసం విడిగా కేటాయించింది 2015 చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజుల మీద రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చిన తర్వాతి లీజుల మీద 10 శాతం ఇందులో జమ అవుతుంది. తాగునీరు, ఆరోగ్యం, చదువు, పర్యావరణం వంటి వాటికి ఎక్కువ భాగం ఖర్చు పెట్టాలని నిబంధన. గని దెబ్బ తిన్న ఊళ్ళకే అది చేరుతోందా, జిల్లా కేంద్రంలో సెంట్రల్ లైటింగ్‌కూ భవనాలకూ పోతోందా అన్నది ప్రతి జిల్లాలోనూ అడగాల్సిన మాట.

ఇంకొకటి. 2024 జులై 25న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 8-1 మెజారిటీతో, రాయల్టీ పన్ను కాదనీ ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందనీ చెప్పింది. ఆ అధికారంతో వచ్చే డబ్బు ఏ ఊరికి చేరుతుందో నిర్ణయించేది మళ్ళీ రాష్ట్ర రాజకీయమే.

సింగరేణి లాభాల్లో ఉంటే మన ఊళ్ళు కూడా లాభాల్లో ఉన్నట్టేనా?

కొంతవరకు అవును. 2023-24 లాభాలు 4,701 కోట్లు. అందులో విస్తరణకు 2,289 కోట్లు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు పంచారు. ఆ సొమ్ము పడిన వారం గోదావరిఖని లక్ష్మీనగర్ బజారులో నడవడానికి చోటుండదు. ఇది నిజమైన డబ్బు, నిజమైన సంతోషం. కాంట్రాక్టు కార్మికుడికి ఆ ఏడాది మొదటిసారి ఇచ్చింది 5 వేలు.

కానీ కంపెనీ దారి, ఊరి దారి ఎప్పుడూ ఒకటే కావాలని లేదు. ఒడిశాలోని అంగుల్ జిల్లాలో నైనీ బొగ్గు గనిని సింగరేణి 2025లో ప్రారంభించింది. కంపెనీకి మంచి నిర్ణయమే, కొత్త గనులు లేకపోతే అది బతకదు. అక్కడ తీసే బొగ్గు ఒడిశా లెక్కలో చేరుతుంది, అక్కడి పనులు అక్కడివాళ్ళకు రావడమే న్యాయం. రేపు కంపెనీ పచ్చగా ఉండి బెల్లంపల్లి, ఇల్లందు వెలవెలబోయే రోజు రావచ్చు, అందులో విరుద్ధం ఏమీ లేదు.

ఇంత బొగ్గు ఉన్నచోట పరిశ్రమలు ఎందుకు నిండిపోలేదు?

స్వతంత్రం వచ్చిన తొలి దశాబ్దంలో మొదలై 1990ల మొదటిదాకా నడిచిన 'సమాన రవాణా చార్జీల' విధానం ఒక కారణం. బొగ్గు, ఉక్కు, సిమెంటు వంటివి దేశంలో ఎక్కడికి తీసుకెళ్ళినా దాదాపు ఒకే ధర పడేలా రవాణాకు సర్దుబాటు చేశారు. దాంతో గని పక్కన ఫ్యాక్టరీ పెట్టుకోవడంలో ఉండే సహజమైన లాభం పోయింది. బిహార్, ఒడిశా, బెంగాల్ దీనివల్ల బాగా నష్టపోయాయి.

మన వైపు కొన్ని వచ్చాయి. రామగుండంలో బొగ్గుతో నడిచే ఎరువుల కర్మాగారం పెట్టారు, 1999లో మూతపడింది. అదే చోట 2021లో కొత్త కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది, కానీ ఇది నడిచేది పైపుల్లో వచ్చే గ్యాసుతో. కాళ్ళ కింద బొగ్గు ఉండగా పక్కనున్న యూరియా ఫ్యాక్టరీకి దానితో పని లేదు.

'డచ్ జబ్బు' అంటారు, అది మన దగ్గర ఉందా?

నెదర్లాండ్స్‌లో 1959లో గ్రోనింగెన్ దగ్గర పెద్ద గ్యాసు నిక్షేపం దొరికింది. గ్యాసు ఎగుమతులతో వాళ్ళ కరెన్సీ బలపడి, మిగతా పరిశ్రమల సరుకు బయట ఖరీదైపోయి, ఫ్యాక్టరీలు దెబ్బతిన్నాయి. ఆ పేరు అలా వచ్చింది. జిల్లాకు సొంత కరెన్సీ ఉండదు కాబట్టి ఆ రూపంలో మన దగ్గర లేదు. ఇంటి అద్దెలు, కూలి రేట్లు, భూమి ధరలు గని జీతాన్ని బట్టి పెరిగి చిన్న వ్యాపారి నిలదొక్కుకోలేకపోవడం మాత్రం ఉంది. ఇంకో రూపం ఆశల్లో ఉంది. వారసత్వ ఉద్యోగం వస్తుందని ఇరవై రెండేళ్ళ పిల్లవాడు వేరే పని నేర్చుకోకుండా ముప్పై ఐదు దాకా ఎదురుచూసిన ఇళ్ళు నాకు తెలుసు.

## తవ్వకం ఆగాక

బొగ్గు అయిపోతే ఊరు ఎలా ఉంటుందో ఎక్కడైనా చూడొచ్చా?

బెల్లంపల్లి చూడండి. ఒకప్పుడు ఆ పట్టణం గడియారం బాయి సైరనే. సైరన్ మోగితే ఇళ్ళలో టిఫిన్ డబ్బాలు కట్టేవారు, పిల్లలు బడికి బయలుదేరేవారు, హోటళ్ళలో పొయ్యిలు రాజుకునేవి. భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కార్మికులు శ్రీరాంపూర్, మందమర్రి, రామగుండం వైపు బదిలీ అయ్యారు, కొందరు స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. 2001 జనగణనలో 66 వేలు దాటిన పట్టణ జనాభా 2011కు 56 వేల లోపుకు వచ్చింది. పదేళ్ళలో మన దేశంలో ఒక పట్టణం జనాభా తగ్గడం మామూలు విషయం కాదు.

గమనించాల్సింది ఏమిటంటే, అదే కాలంలో సింగరేణి ఉత్పత్తి పెరుగుతూనే ఉంది, అప్పటి ఆదిలాబాద్ జిల్లా అంకెలు కూడా ముందుకే నడిచాయి. మంచిర్యాల పెరిగింది. సగటులో బెల్లంపల్లి కనిపించలేదు. ఖాళీ క్వార్టర్ల తలుపులు, కిటికీలు ఊడదీసుకుపోతుంటే చూసినవాళ్ళకు మాత్రం కనిపించింది.

ఇల్లందు సంగతి వేరా?

వేరే, ఎందుకంటే సింగరేణి కథ మొదలైందే అక్కడ. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ దగ్గర్లో బొగ్గు గుర్తించాడు. 1889 నుంచి తవ్వకం. ఆ ప్రాంతాన్ని బొగ్గుట్ట అనేవారు. 130 ఏళ్ళకు పైగా నేల కింది సంపద తీసిన ఊరు ఎలా ఉండాలి? ఆ ప్రశ్న వేసుకుని ఒకసారి ఇల్లందు బస్టాండులో దిగి చుట్టూ నడిచి రండి. హెడ్డాఫీసు ఎప్పుడో కొత్తగూడెం తరలింది, పాత భూగర్భ గనులు మూతపడ్డాయి, ఓపెన్‌కాస్టులు మిగిలాయి.

ఇది బొగ్గుకేనా, గ్యాసుకు కూడా వర్తిస్తుందా?

కోస్తాలో బాగా చూశాం. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డీ6 బ్లాకు నుంచి 2009 ఏప్రిల్‌లో గ్యాసు రావడం మొదలైంది. కాకినాడ దగ్గర గాడిమొగలో ఒడ్డుకు చేరేది. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. 2013 చివరికల్లా అందులో నాలుగో వంతు చుట్టుపక్కలకు పడిపోయింది. ఆ గ్యాసును నమ్ముకుని కట్టిన విద్యుత్ కేంద్రాలు ఇంధనం లేక ఏళ్ళ తరబడి ఖాళీగా నిలబడ్డాయి, వాటికిచ్చిన అప్పులు బ్యాంకుల మెడకు చుట్టుకున్నాయి. పెరిగినప్పుడు గనుల రంగం అంకె రాష్ట్ర వృద్ధిని ఎత్తింది, పడినప్పుడు కిందికి లాగింది. ఆ రెండిటి మధ్యా గాడిమొగ జాలరి వలలో చేపలు పెరిగిందీ లేదు.

కోర్టులు గనులు ఆపితే ఆర్థిక వ్యవస్థ కుప్పకూలుతుందంటారు. నిజమా?

అంకె పడుతుంది, కొందరి బతుకులూ పడతాయి. 2011లో బళ్ళారిలో, 2012లో గోవాలో ఇనుప ఖనిజ తవ్వకం ఆగింది. లారీలు కొన్నవాళ్ళు, బార్జీల మీద అప్పులు తెచ్చినవాళ్ళు నలిగిపోయారు, దాన్ని చిన్నది చేయకూడదు. అయితే ఆగిన మరుసటి నెలే ఊరు కూలిందంటే, అంతకుముందు వచ్చిన వృద్ధి ఊళ్ళో ఇంకో కాలు నిలబెట్టలేదనే అర్థం. ఆ నేరం ఆపిన తీర్పుది కాదు.

గని మూసేటప్పుడు ఊరి కోసం డబ్బు దాచి ఉంచుతారా?

ఎక్కువగా నేల కోసం దాస్తారు. 2009 నుంచి బొగ్గు గనులకు మూసివేత ప్రణాళిక, దానికి ఎస్క్రో ఖాతాలో (ఆ పనికి తప్ప తీయడానికి వీల్లేని ఖాతా) హెక్టారుకు ఇంత అని ఏటా జమ తప్పనిసరి. గుంత పూడ్చడం, గుట్టల మీద మొక్కలు పెంచడం వంటివాటికి అది పనికొస్తుంది. టైలరు, ఆటో డ్రైవరు, మెస్సు నడిపే ఆవిడ, వీళ్ళకు ఆ ఖాతాలో పేరు లేదు.

## మరి ఏం చూడాలి, ఏం అడగాలి

అయితే జిల్లా జీడీపీ పనికిరాదంటారా?

అనను. ఎంత ఉత్పత్తి జరిగిందో చెప్పడానికి దానికంటే మంచి కొలత లేదు. ప్రభుత్వం పన్నులు, కరెంటు, రోడ్ల అవసరం అంచనా వేయడానికి అది కావాలి. థర్మామీటరు జ్వరం చెబుతుంది, ఎముక విరిగిందో లేదో చెప్పదు. థర్మామీటరును పారేయాల్సిన పని లేదు, ఎక్స్‌రే కూడా తీయించమంటున్నాను.

ఊరి నిజమైన ఆరోగ్యం తెలియాలంటే ఏ అంకెలు చూడాలి?

మొదట గనులు, విద్యుత్ తీసేసిన జిల్లా ఉత్పత్తి చూడండి. రంగాలవారీ పట్టిక ఉంటే పావుగంట పని, పిల్లలతో చేయించండి. నార్వే తన చమురు, గ్యాసు, సముద్ర రవాణా తీసేసిన 'ప్రధాన భూభాగ' జీడీపీని విడిగా ప్రకటిస్తుంది, అక్కడ వృద్ధి అంటే ముందు ఆ అంకే చూస్తారు.

తర్వాత జీతం రకం చూడాలి: నెల జీతగాళ్ళు ఎందరు, రోజు కూలీలు ఎందరు, ఈ నిష్పత్తి ఎటు కదులుతోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లావారీగా పిల్లల ఎదుగుదల, ఆడవాళ్ళ రక్తహీనత చెబుతుంది; బొగ్గు జిల్లా అంకెను పక్క వ్యవసాయ జిల్లా అంకెతో పోల్చి చూడండి, తలసరి ఆదాయంలో ఉన్నంత తేడా అక్కడ ఉందా అని. ఆడవాళ్ళకు పని ఉందా అన్నది బొగ్గు ఊళ్ళలో ప్రత్యేకంగా అడగాలి, ఎందుకంటే గని ఉద్యోగం ఇన్నేళ్ళూ దాదాపుగా మగవాడి ఉద్యోగమే. నాకు బాగా నమ్మకమైన ఇంకో గుర్తు ఉంది. ఆ ఊరి ఇంటర్ కాలేజీలో చదివిన పిల్లల్లో ఐదేళ్ళ తర్వాత ఎందరు ఆ జిల్లాలోనే, గనికి సంబంధం లేని పని చేసుకుంటున్నారు? ఏ ప్రభుత్వ పుస్తకంలోనూ ఉండదు. ఒక బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అడిగితే సాయంత్రానికి తెలిసిపోతుంది.

వనరులు ఉన్నా బాగుపడ్డ చోట్లు లేవా?

ఉన్నాయి. నార్వే 1990లో చమురు నిధికి చట్టం చేసింది, 1996లో మొదటి జమ వేసింది. అసలు సొమ్ము కదపకుండా రాబడి మేరకే ఖర్చు పెట్టాలనేది వాళ్ళ నియమం. అమెరికాలో అలాస్కా 1976లోనే శాశ్వత నిధి పెట్టి, 1982 నుంచి ప్రతి నివాసికీ ఏటా వాటా పంచుతోంది. మన దేశంలో 2014 ఏప్రిల్ తీర్పులో సుప్రీంకోర్టు గోవా ఇనుప ఖనిజ అమ్మకాల్లో 10 శాతంతో శాశ్వత నిధి పెట్టమంది. తరగని సంపదగా మార్చనిదే తరిగే సంపదను ఖర్చు పెట్టకూడదన్న సూత్రాన్ని జాన్ హార్ట్‌విక్ అనే ఆర్థికవేత్త 1977లో గణితంతో చూపించాడు. ఇల్లు అమ్మిన డబ్బుతో ఇంకో ఇల్లు కొనాలని మన పెద్దవాళ్ళు చెప్పేదీ ఇదే.

సింగరేణి మూసేసిన గనుల భూముల్లోనూ, ఇతర చోట్లా సౌర విద్యుత్ పెడుతోంది, ఇప్పటికే 200 మెగావాట్లు దాటింది. మంచి పనే. అయితే సోలార్ ప్యానెళ్ళు తుడవడానికి బాయి అంత మంది అక్కర్లేదు.

ఓపెన్‌కాస్టు విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. మేం ఏం అడగాలి?

అక్కడ వేదిక మీద సాధారణంగా ఏటా ఎన్ని లక్షల టన్నులు, రాష్ట్రానికి ఎంత రాబడి అన్న అంకెలు చదువుతారు. అభ్యంతరం చెప్పకముందే ఆ కాగితం తెలుగులో ఇమ్మని అడగండి, ఇవ్వడం వాళ్ళ బాధ్యత. తర్వాత ఒక్కో ప్రశ్నకూ అంకె రూపంలో జవాబు రాయించుకోండి. ఈ గని ఎన్నేళ్ళు నడుస్తుంది? పర్మినెంటు ఉద్యోగాలు ఎన్ని, కాంట్రాక్టువి ఎన్ని, అందులో ఈ మండలం వాళ్ళకు ఎన్ని? మా ఊరి బావుల్లో నీటి మట్టం ఈరోజు ఎంత, మూడేళ్ళ తర్వాత ఎవరు కొలుస్తారు? ఖనిజ ఫౌండేషన్ నిధిలోంచి గత ఐదేళ్ళలో మా పంచాయతీకి వచ్చింది ఎంత? చివరి టన్ను తీశాక ఇక్కడ మిగిలేది గుంతా, చెరువా, సాగు భూమా?

జవాబులను అధికారిక మినిట్స్‌లో చేర్చమని గట్టిగా చెప్పండి. సభ ముగిసేముందు చదివి వినిపించమనండి. ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.